గుండెలో మెషీన్ ఉంది, రెండు పెగ్గులు వేసుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే విషయం మీద ఉన్నాయి. పేస్‌మేకరో ఐసీడీనో (ప్రమాదకరమైన దడ వస్తే షాక్ ఇచ్చి కాపాడే మెషీన్) పెట్టించుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, మందు గురించి అడిగారు. చెకప్‌కి వచ్చినప్పుడు ఈ మాట అడగడానికి చాలామంది మొహమాటపడతారు, పక్కన భార్యో కొడుకో ఉంటే అసలే నోరు విప్పరు. అందుకే ఈ వారం పేజీ మొత్తం దీనికే పెడుతున్నా.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 46 ఏళ్లు. మూడేళ్ల కింద హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేశారు. తర్వాత కూడా గుండె పంపింగ్ 30 శాతమే ఉందని పోయినేడాది ఐసీడీ పెట్టారు. ఇంతవరకు ఒక్కసారి కూడా షాక్ కొట్టలేదు. మెటోప్రోలాల్, స్పైరనోలాక్టోన్, ఆస్పిరిన్, ఇంకా రెండు మూడు మాత్రలు వాడుతున్నా. ఇదివరకు వారానికోసారి ఫ్రెండ్స్‌తో కూర్చుంటే మూడు పెగ్గులు వేసేవాణ్ణి. ఇప్పుడు ఫ్రెండ్సేమో నీకు లోపల మెషీన్ ఉందిగా, ఏమన్నా అయితే అదే చూసుకుంటుంది అంటున్నారు, మా ఆవిడేమో మందు తాగితే మెషీన్ షార్ట్ అయిపోతుంది అంటోంది. మా డాక్టర్ గారు "లిమిట్‌లో ఉండండి" అని ఒక్క మాట అని వదిలేశారు. లిమిట్ అంటే ఎంతండీ?

జవాబు: ముందు మీ ఆవిడ భయం తీరుద్దాం. మెషీన్‌కి ఏమీ కాదు. అది టైటానియం డబ్బా, గాలి కూడా దూరకుండా సీల్ చేసి ఉంటుంది, రక్తంలో ఆల్కహాల్ ఉన్నా లేకపోయినా దానికి తెలీదు. బ్యాటరీ తగ్గదు, వైరు పాడవదు. కాబట్టి షార్ట్ అవడం అనేది లేదు.

మీ ఫ్రెండ్స్ మాట మాత్రం నాకు ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే వినడానికి చాలా ధైర్యంగా ఉంటుంది, నమ్మాలనిపిస్తుంది. ఐసీడీ గుండె లయ తప్పకుండా ఆపే మెషీన్ కాదండీ, లయ తప్పాక కాపాడే మెషీన్. గుండె కింది గది ప్రమాదకరమైన వేగంతో కొట్టుకోవడం మొదలయ్యాక అది గుర్తుపట్టి, వీలైతే ముందు చిన్న చిన్న కరెంటు పోట్లతో దాన్ని దారికి తెస్తుంది, అది మీకు తెలియకపోవచ్చు కూడా. కుదరకపోతే షాక్ ఇస్తుంది. ఆ షాక్ మెలకువగా ఉన్నప్పుడు తగిలినవాళ్లని అడగండి, గుర్రం ఛాతీ మీద తన్నినట్టుంది అంటారు, ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లడానికి కూడా భయపడేవాళ్లని నేను చూస్తుంటాను. షాక్ ప్రాణం నిలబెడుతుంది, అందులో డౌట్ లేదు, కానీ "కొడితే కొట్టనీ" అనుకునేంత తేలిక వ్యవహారం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మందు గురించి నిర్ణయించాల్సింది మెషీన్‌ని చూసి కాదు, ఆ మెషీన్ ఎందుకు పెట్టారో చూసి. మీ విషయంలో హార్ట్ ఎటాక్ వల్ల గుండె కండరంలో కొంత భాగం మచ్చ కట్టింది, పంపింగ్ 30కి పడిపోయింది. ఆ మచ్చ చుట్టూనే కరెంటు దారి తప్పి తిరుగుతుంది, అదే ప్రమాదకరమైన దడ. మూడు పెగ్గులు వేసిన రాత్రి ఏం జరుగుతుందంటే, గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో అడ్రినలిన్ లాంటివి పెరుగుతాయి, యూరిన్ ఎక్కువ పోయి నీరు తగ్గుతుంది, వాంతులైతే పొటాషియం, మెగ్నీషియం కూడా పడిపోతాయి, నిద్ర చెడుతుంది, గురక ఉన్నవాళ్లకి ఊపిరి ఆగి ఆగి ఆక్సిజన్ తగ్గుతుంది. ఇవన్నీ ఒకే రాత్రి ఒకే గుండె మీద పడతాయి. తాగుతున్నప్పుడు బానే ఉండి మర్నాడు పొద్దున హ్యాంగోవర్‌లో దడ మొదలైనవాళ్లు కూడా తక్కువేం కాదు, అందుకే "రాత్రి నాకేం కాలేదు" అన్నది లెక్కలోకి రాదు.

ఇంకో గొడవ ఉంది, ఇది ఐసీడీ ఉన్నవాళ్లకి ప్రత్యేకం. మందుకి బాగా సంబంధం ఉన్న దడ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్), అంటే గుండె పై గదుల్లో వచ్చేది. 1978లో ఎటింగర్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన టీమ్, సెలవు రోజుల్లో బాగా తాగి దడతో ఆస్పత్రికి వచ్చేవాళ్లని గమనించి దీనికి హాలిడే హార్ట్ అని పేరు పెట్టారు. ఈ దడ ఒక్కటే అయితే చాలావరకు వెంటనే ప్రాణం తీయదు, కానీ పై గదిలో గందరగోళం కింది గదిని కూడా పరిగెత్తిస్తుంది. మీ ఐసీడీ ముఖ్యంగా చూసేది వేగం. నిమిషానికి ఇన్నిసార్లు దాటితే ప్రమాదం అని డాక్టర్ ఒక నంబర్ సెట్ చేసి ఉంటారు, ఒక్కొక్కరికి ఒక్కో నంబర్. ఏఎఫ్‌లో వేగం ఆ గీత దాటిందంటే, ఇది పై గదిదా కింది గదిదా అని మెషీన్ తేల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది, ఇప్పటి మెషీన్లు ఈ పని చాలా బాగా చేస్తాయి, అయినా ఒక్కోసారి పొరబడుతుంది. అప్పుడు అవసరం లేని షాక్ తగులుతుంది, పైగా మీరు పూర్తి స్పృహలో ఉంటారు. ఏఎఫ్ తగ్గకపోతే మళ్లీ మళ్లీ కొట్టొచ్చు కూడా. మెటోప్రోలాల్ ఆ వేగాన్ని పట్టి ఉంచే మాత్ర, తాగిన రాత్రే అది వేసుకోవడం మర్చిపోయేవాళ్లు చాలామంది. మందుతో పాటు మాత్ర వేసుకోకూడదేమో అని కావాలని మానేసేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

కొంచెం తాగితే ఏమవుతుంది అంటారా, దానికీ జవాబు ఉంది. అప్పుడప్పుడూ ఏఎఫ్ వచ్చిపోయే 100 మందికి చీలమండకి ఆల్కహాల్ పసిగట్టే సెన్సర్, ఛాతీకి ఈసీజీ మానిటర్ పెట్టి నాలుగు వారాలు చూశారు. 2021లో ఫలితం వచ్చింది. ఒక్క డ్రింక్ తర్వాత నాలుగు గంటల్లోపే ఏఎఫ్ వచ్చే అవకాశం రెండింతలు, రెండు అంతకన్నా ఎక్కువైతే మూడింతలు దాటింది. అంతకుముందు 2020లో ఆస్ట్రేలియాలో, ఏఎఫ్ ఉండి వారానికి కనీసం 10 డ్రింకులు తాగే 140 మందిని తీసుకుని సగం మందిని మానేయమన్నారు. ఆరు నెలల్లో మానమన్నవాళ్లలో 53 శాతం మందికి, అలాగే కొనసాగించినవాళ్లలో 73 శాతం మందికి దడ తిరగబెట్టింది. ఇవి ఐసీడీ ఉన్నవాళ్ల మీదే చేసినవి కావు, కానీ ఏఎఫ్ ఎవరికొచ్చినా ఏఎఫే కదా.

ఇక లిమిట్ లెక్క. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పెగ్గుల్లో కాదు గ్రాముల్లో చూడాలి. 40 శాతం ఉండే విస్కీయో బ్రాందీయో 30 ఎంఎల్ అంటే సుమారు తొమ్మిదిన్నర గ్రాముల ఆల్కహాల్. చాలామంది "ఒక పెగ్గు" అని చెప్పేది 60 ఎంఎల్, అంటే 19 గ్రాములు, ఇంట్లో కొలత లేకుండా పోసుకుంటే ఇంకా ఎక్కువే. 5 శాతం బీరు 650 ఎంఎల్ సీసా దాదాపు 26 గ్రాములు, అదే సీసాలో 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 41 గ్రాములు. బీరే కదా అంటూ ఒక స్ట్రాంగ్ సీసా తాగినాయన రెండు పెద్ద పెగ్గులు దాటేసినట్టే. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు, బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అక్కడ వారం మొత్తానికి 14 యూనిట్లు దాటొద్దని 2016లో చెప్పారు, అది కూడా ఒకే రోజు కాకుండా మూడు నాలుగు రోజులకి పంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2023 జనవరిలో ఎంత తాగినా సేఫ్ అనే మోతాదు లేదని తేల్చేసింది.

మీకు నా సలహా సూటిగా చెప్తా. పంపింగ్ 30 ఉన్నంతకాలం మానేయండి. మాత్రలతో చాలామందికి ఎకోలో (గుండె స్కాన్) పంపింగ్ పెరుగుతుంది, మీకూ 40 దాటి, మెషీన్ రికార్డులో దడలు లేకుండా ఉండి, మీ డాక్టర్ ఒప్పుకుంటే అప్పుడు ఒక రోజుకి 30 ఎంఎల్ ఒక్కటి, అదీ ప్రతి వారం అలవాటుగా కాకుండా. మూడు పెగ్గుల కూర్చోవడం మాత్రం ఇంక మీ జీవితంలో లేదనుకోండి, ఇది చెప్పడానికి నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే మీకు మందుకన్నా ఆ ఫ్రెండ్స్‌తో గడిపే సాయంత్రం ముఖ్యమని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. వెళ్లండి, కూర్చోండి, గ్లాసులో సోడా పోసుకోండి.

ఒక విషయం చాలామందికి తెలీదు. మీ మెషీన్ తేదీ, టైముతో సహా అన్నీ రాసి పెట్టుకుంటుంది. చెకప్‌లో ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి స్క్రీన్ చూస్తారు కదా, అందులో ఎప్పుడు ఎంతసేపు దడ వచ్చింది, రాత్రి గుండె వేగం ఎంత, ఎన్నిసార్లు షాక్ దాకా వెళ్లకుండా సర్దుబాటు చేసింది, అన్నీ లైన్లుగా ఉంటాయి. మీరు ఇప్పటికే ఎప్పుడైనా తాగి ఉంటే ఆ తేదీలు చెప్పి, ఆ రాత్రి, మర్నాడు ఏమన్నా ఉందేమో చూడమని అడగండి. "శనివారం రాత్రి 1:40కి 11 సెకన్లు" అన్న లైను కళ్లతో చూశాక ఇంకెవరూ లిమిట్ గురించి నాతో వాదించరు.

ప్రశ్న: మా నాన్నగారికి 74. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందని పేస్‌మేకర్ పెట్టారు, పంపింగ్ నార్మల్. రోజూ సాయంత్రం ఒక చిన్న పెగ్గు అలవాటు. ఆపరేషన్ అయ్యాక మేమంతా కలిసి మాన్పించాం, ఆయన అలిగి మాట్లాడటం లేదు. మేము చేసింది కరెక్టేనా?

జవాబు: ఆపరేషన్ అయిన మొదటి ఆరు వారాలు మాన్పించడం కరెక్టే. గాయం మానాలి, వైర్లు లోపల కుదురుకోవాలి, ఆ టైములో తూలి పడి చెయ్యి విసురుగా పైకెత్తితే వైరు జరిగే ప్రమాదం ఉంది. ఆ తర్వాత, కరెంటు దారిలో బ్లాక్ వల్లే పేస్‌మేకర్ పెట్టి, ఏఎఫ్ లేకుండా, పంపింగ్ బాగుంటే, అప్పుడప్పుడూ 30 ఎంఎల్‌కి పేస్‌మేకర్ అడ్డం కాదు. రోజూ మాత్రం వద్దు, వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండాలి. ఆయన ఏం మాత్రలు వాడుతున్నారో మీరు రాయలేదు, అది ముఖ్యం. నిద్రమాత్ర ఉంటే చుక్క కూడా వద్దు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవాళ్లకి తాగి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఈ వయసులో తుంటి ఎముక విరిగిందంటే గుండె కన్నా అదే పెద్ద సమస్య. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్ర ఉంటే ఒకేసారి ఎక్కువ తాగినప్పుడు రక్తం ఇంకా పల్చబడుతుంది, పడి తలకి దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం ఆగదు.

పేస్‌మేకర్ పెట్టారు కాబట్టి ఇక మంచం పట్టిన మనిషి అన్నట్టు చూడకండి, ఆయన అలక అందుకేనేమో అని నా అనుమానం. 1958లో స్వీడన్‌లో ప్రపంచంలోనే మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్, ఎన్నోసార్లు మెషీన్లు మార్పించుకుంటూ 2001 వరకు, 86 ఏళ్లు బతికారు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన డాక్టర్‌తోనే మాట్లాడించండి, ఆయన గురించి ఆయన లేకుండా నిర్ణయాలు వద్దు.

ప్రశ్న: నాకు 29. గుండె కండరం మందంగా ఉండే జబ్బు (హెచ్‌సీఎం అన్నారు) వల్ల ఐసీడీ ఉంది. పార్టీల్లో వైన్ ఒక గ్లాసు, లేదా ఎనర్జీ డ్రింక్ కలిపిన వోడ్కా తాగుతాను. రెడ్ వైన్ గుండెకి మంచిదే కదా?

జవాబు: రెడ్ వైన్ మాట మర్చిపోమ్మా. కొంచెం తాగేవాళ్లు అసలు తాగనివాళ్ల కన్నా బాగున్నట్టు పాత లెక్కల్లో కనిపించింది, కానీ ఆ తాగనివాళ్లలో జబ్బు చేసి మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు. నీ జబ్బులో ఇంకో చిక్కుంది. కండరం మందమై రక్తం బయటికి పోయే దారి ఇరుకైతే, ఆల్కహాల్ రక్తనాళాల్ని వదులు చేసేసరికి ఆ ఇరుకు ఇంకా బిగుస్తుంది, కళ్లు తిరిగి పడిపోవచ్చు, దీనికి ఒక్క గ్లాసైనా చాలు. ఎకో రిపోర్టులో అడ్డు ఉందో లేదో అడుగు, ఉంటే వద్దు. ఎనర్జీ డ్రింక్ కలిపినది అడ్డున్నా లేకపోయినా వద్దు, కెఫీన్ వల్ల ఎంత తాగావో నీకే తెలీదు, రెండూ కలిసి గుండెని తరుముతాయి. బ్రుగాడా సిండ్రోమ్ (గుండె కరెంటు లయకి సంబంధించిన జబ్బు) వల్ల ఐసీడీ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే, ఒకేసారి ఎక్కువ తాగడం ఆ జబ్బులో దడని రెచ్చగొట్టే కారణాల్లో ఒకటి, జ్వరం ఇంకోటి.

ప్రశ్న: అన్నయ్యా అనే పిలుస్తున్నా, ఏమనుకోకండి. మా ఆయన పదిహేనేళ్లుగా రోజూ తాగుతారు. తాగుడు వల్లే గుండె పెద్దదైపోయిందని చెప్పి ఐసీడీ పెట్టారు. అయినా మానలేదు. తెలిసినావిడ ఒకరు, తెలియకుండా తినేదాంట్లో కలిపే మాత్ర ఉంది, అది కలిపితే వాంతులై తనే మానేస్తారు అంటున్నారు. కలపమంటారా?

జవాబు: వద్దమ్మా. ఇంట్లోకి తెచ్చి ఉంటే ఇవాళే పారేయ్. అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడటం, వాంతులు మాత్రమే కాదు, బీపీ పడిపోతుంది, గుండె పరిగెడుతుంది, బలహీనమైన గుండె ఉన్నవాళ్లకి ప్రాణమే పోవచ్చు. తీవ్రమైన గుండె కండరం జబ్బు ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదు, ఎవరికైనా సరే వాళ్లకి తెలియకుండా ఇవ్వనే కూడదు, ఆ మాత్ర హెచ్చరికలోనే ఆ మాట రాసి ఉంటుంది. ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఇప్పటికే ఒకటి రెండు కలిపి ఉంటే భయపడి దాచకు, వెంటనే డాక్టర్‌కి చెప్పు, నిన్నెవరూ తిట్టరు.

ఇంకోటి, రోజూ ఎక్కువ తాగే మనిషిని ఒక్కసారిగా ఇంట్లో కూర్చోబెట్టి ఆపేయకండి. చివరిగా తాగిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలై, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతిభ్రమ కూడా రావచ్చు, ఆ టైములో ఐసీడీ ఉన్న గుండెకి షాకులు తగిలే అవకాశం ఎక్కువ. ఆస్పత్రిలో చేర్చి, మాత్రలతో, బీ1 విటమిన్‌తో మెల్లగా ఆపుతారు. ఆ తర్వాత కోరిక తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి, లివర్, కిడ్నీలు చూసి సైకియాట్రిస్ట్ ఇస్తారు.

ఆయనకి ఈ ముక్క చదివి వినిపించు. తాగుడు వల్ల పెద్దదైన గుండె, పూర్తిగా మానేస్తే చాలామందిలో నెలల్లో తిరిగి బలం పుంజుకుంటుంది. అన్ని గుండె జబ్బులకీ ఈ అవకాశం ఉండదు. ఇక్కడ కొంచెం కొంచెం తాగడం అనే లెక్క లేదు, సున్నా ఒక్కటే. నువ్వు ఒక్కదానివే మోస్తున్న బరువు ఇది, ఆయన కార్డియాలజిస్ట్‌కి ఎంత తాగుతున్నారో నిజం నువ్వైనా చెప్పు.

ప్రశ్న: మా గ్యాంగ్‌లో ఒకడికి ఐసీడీ ఉంది. వాడు మాతో కూర్చున్నప్పుడు ఏమన్నా అయితే మేమేం చేయాలి? ముట్టుకుంటే మాకు షాక్ కొడుతుందా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దండం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, వాడు పడిపోతే "ఎక్కువైంది, పడుకోనీ" అనుకోవద్దు. గుండె ఆగి పడిపోయినవాడు, తాగి పడిపోయినవాడు దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకకుండా, ఊపిరి సరిగా లేకుండా, గురకలాగా ఎగశ్వాస తీస్తుంటే అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలెట్టండి. మెషీన్ ఉందని ఆగొద్దు. మీరు పట్టుకుని ఉండగా అది షాక్ ఇస్తే మహా అయితే చిన్న జలదరింపు తెలుస్తుంది, మీకేం కాదు. దగ్గర్లో ఏఈడీ (ఛాతీకి ప్యాడ్లు అంటించి బయటి నుంచి షాక్ ఇచ్చే పెట్టె) ఉంటే వాడండి, ప్యాడ్‌ని కాలర్ ఎముక కింద ఉబ్బుగా కనిపించే మెషీన్ మీద కాకుండా కాస్త పక్కకి అంటించండి.

ఒక్క షాక్ తగిలి, వెంటనే తేరుకుని, ఛాతీ నొప్పి, ఆయాసం ఏమీ లేకపోతే గ్లాసు పక్కన పెట్టించి అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయించండి, ఒంటరిగా పంపొద్దు, బండి నడపనివ్వొద్దు. రెండు అంతకన్నా ఎక్కువ తగిలినా, ఒక్కటే తగిలి స్పృహ తప్పినా నొప్పి ఉన్నా, నేరుగా ఎమర్జెన్సీకి. కొన్ని మెషీన్లు తేడా వస్తే బీప్ కొడతాయి, కొన్ని వైబ్రేట్ అవుతాయి, పాటల గోలలో బీప్ వినపడదు, అందుకే స్పీకర్‌కి దూరంగా కూర్చోబెట్టండి, పెద్ద స్పీకర్లలో అయస్కాంతాలుంటాయి కాబట్టి దాన్ని ఛాతీకి ఆనించుకోకుండా కూడా చూడండి. పర్సులో డివైజ్ కార్డు ఎప్పుడూ ఉంచుకోమనండి, ఏ కంపెనీ ఏ మోడల్ అన్నది ఎమర్జెన్సీలో అందరికన్నా ముందు అడుగుతారు, వాడి ఇంటి నంబర్ మీలో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి.